తొమ్మిదో సూచన

కూర్చోమన్నారు, కూర్చుంది. లేవమనేదాకా లేవక్కర్లేదు, ఈ గదిలో ఉన్న సుఖం అదొక్కటే. మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద ఫోను, గోడకి గుండ్రటి గడియారం, దాని కింద ఎవరో అంటించి పీకేసిన కాగితం తాలూకు జిగురు మరక. తలుపుకి నిలువుగా ఒక అద్దం పలక, అందులోంచి బయట మెలికలు తిరిగిన వరసలు, వరసల్లో జనం, జనం చేతుల్లో పాస్‌పోర్టులు, ఒక్కొక్కరూ కౌంటరు దగ్గరికి వెళ్లడం, ఒక మాట చెప్పడం, ముద్ర వేయించుకుని అవతలికి పోవడం. ఒక్క మాట. ఆ ఒక్క మాటే ఆమె వేరేగా చెప్పింది. ఎందుకొచ్చారని అడిగారు, పనికొచ్చానంది. ముద్ర మీదికి వెళ్లబోయిన చెయ్యి ఆగి ఫోను మీదికి వెళ్లింది, ఎక్కడినుంచో మీసాల అధికారి ఒకాయన వచ్చాడు, సామాన్లు తిరిగే పట్టీ మీంచి ఆమె పెట్టె తెప్పించి తెరిపించాడు. పెట్టెలో కత్తెరలు మూడు, గుండుసూదుల డబ్బా, టేపు, సుద్దముక్కలు, చిన్న ఇస్త్రీపెట్టె. ఇంకేం కావాలి, దొంగ సొత్తుతో సహా దొరికినట్టు చూశాడు. మేనకోడలి పెళ్లికని వీసా తీసుకుని పనికి రాకూడదట. గంట టైమిచ్చాడు. పదకొండింటికల్లా తను అతిథినేనని ఆమె నోటితో చెప్పాలి, అతిథుల జాబితాలో ఆమె పేరుందని పెళ్లివాళ్లు చూపించాలి, రెండూ జరగాలి, జరగకపోతే తెచ్చిన విమానమే వెనక్కి తీసుకుపోతుంది. ఇదంతా ఆయన తన భాషలో చెప్తే బల్ల మీది ఫోనులోంచి ఒక ఆడగొంతు తెలుగులో చెప్పింది. దుబాసీ అమ్మాయి. ఎక్కడ కూర్చుని మాట్లాడుతోందో ఏమో, వెనకాల కుక్కరు కూత కూడా వినిపించింది.

నోరు జారిందని అనుకుంటారు అందరూ. జారలేదు, తెలిసే అంది. యాభైనాలుగేళ్లొచ్చాయి, ముప్ఫై ఏళ్లుగా పదిమంది ఆడవాళ్ల మధ్య దుకాణం నడుపుతోంది, ఎక్కడ ఏ మాట అనాలో ఒకరు నేర్పాలా ఆమెకి. అంతా ఆ పక్క సీటావిడ చలవ. అన్నయ్య ఆఫీసులో ఎవరికో భార్య, ఇదే పెళ్లికి వస్తున్న మనిషి, విమానం ఇంకా నేల వదలకముందే ఫోను తీసి, మీరు సూచనలన్నీ చదివారా, నేను మూడుసార్లు చదివానండీ, ఎంత బాగా రాశారో అంది. ఏ సూచనలు అంది ఈమె. ఆవిడ చూపించింది. విదేశంలో జరిగే మా పెళ్లికి వస్తున్న ఆత్మీయ అతిథులకు అని పైన, దానికి అటూ ఇటూ రెండు గువ్వలు, కింద ఇరవైమూడు సూచనలు. నిజం చెప్పొద్దూ, రాసినవాళ్లెవరో బుర్ర ఉన్నవాళ్లే. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలైనా మిగిలుండాలి, ఇప్పుడే తీసి చూసుకోండి, రేపు చూద్దామనుకోవద్దు. దాని నకలు ఒకటి వేరే సంచిలో, ఫొటో ఒకటి ఫోనులో. పెళ్లిలో కట్టుకునే బట్టలు పెద్ద పెట్టెలో వేయకండి, చేతి సంచిలో ఉంచుకోండి, పెట్టె దారి తప్పినా ముహూర్తం ఆగదు. మందులు డాక్టరు చీటీతో సహా తెచ్చుకోండి, మాత్రలన్నీ ఒకే డబ్బీలో కలిపేసి తేవద్దు. అక్కడి ప్లగ్గుల్లో మన పిన్నులు దూరవు. బహుమతులు చుట్టకుండా తెండి, చుట్టినవి ఎలాగూ విప్పించి చూస్తారు. వేదిక ఇసకలో, మడమల చెప్పులు దిగబడతాయి, పెళ్లికూతురితో సహా అందరూ చదును చెప్పులే. హోటలు పేరు అక్కడి లిపిలో కాగితం మీద రాయించి పెట్టుకోండి, ఫోను చచ్చిపోతే కాగితమే దిక్కు. బస్సు పది నిమిషాలకు మించి ఎవరికోసమూ ఆగదు. ఇక తొమ్మిదోది, కౌంటరు దగ్గర ఏమడిగినా పెళ్లికి వచ్చాం, అతిథులం, నాలుగు రోజులు, ఈ మూడు ముక్కలే చెప్పండి, పని అనే మాట పొరపాటున కూడా ఎత్తవద్దు.

అన్నీ చదివింది. కాళ్లు వాస్తాయి కాబట్టి పట్టీ వదులు చేసుకునే చెప్పులు వేసుకోండని ఒక ముక్క రాసుంటే ఇంకా బాగుండేదని కూడా అనుకుంది. ఫోను తిరిగి ఇచ్చేసి కిటికీ వైపు తిరిగింది. తనకు వచ్చినవి ఇవి కావు. తనకు ఆరే వచ్చాయి, గువ్వలు లేవు, ఆత్మీయత అసలే లేదు. నల్ల బట్టలు వేసుకోవాలి. భోజనం అందరిదీ అయ్యాక వెనక గదిలో. గది ముగ్గురికి ఒకటి. పెద్ద లిఫ్టు ఎక్కరాదు. పెళ్లివారితో ఫొటోలు అడగరాదు. పిలిస్తే వినిపించేంత దూరంలో ఉండాలి. రెండు వారాల కిందట అవి చూసి, ఈ రోజుల్లో పెళ్లిళ్లు ఇలాగే ఉంటాయి కాబోలు, అందరం నల్లబట్టల్లో ఒకలా కనిపించాలని సరదా పడుతున్నారు కాబోలు అనుకుంది పిచ్చి మొహం. అనుకుని రాత్రికి రాత్రి రెండు నల్లచీరలకి జాకెట్లు కుట్టుకుంది కూడా. ఇప్పుడు ఒంటి మీద ఉన్నది అందులో ఒకటి. అటు తిరిగి చూస్తే వెనక వరసలో పెళ్లికూతురికి అలంకారం చేసే అమ్మాయి, ఫొటోలతను, పూలవాళ్లిద్దరూ, అందరికీ సంచులకి బూడిదరంగు చీటీ. తన సంచికీ అదే. పక్కావిడ సంచికి గులాబీరంగు రిబ్బను. అప్పుడు ఒళ్లు మండింది చూడండీ, అది దిగేదాకా ఆరలేదు, వరసలో నిలబడ్డా ఆరలేదు, కౌంటరు ముందుకి వెళ్లాక ఆ మనిషి అడిగినదానికి తొమ్మిదో సూచన గుర్తొచ్చింది, గుర్తొచ్చే పనికొచ్చానంది. వాళ్లు తనని ఏ లెక్కలో రాశారో ఆ మాటే కదా తను చెప్పింది. అందులో తప్పేముంది.

పదీ ఎనిమిది. అధికారి బయటికి వెళ్లాడు, కత్తెరల పెట్టె బల్ల కింద పెట్టి తాళం వేసి మరీ వెళ్లాడు. చేతి సంచి మాత్రం వదిలేశాడు. చేతి సంచిలో పావడా ఉంది, పెళ్లిది, దానిమ్మగింజ రంగుది, తెల్ల కవరులో మడత నలగకుండా నాలుగున్నర గంటలు పసిపిల్లలా ఒళ్లో పెట్టుకు తెచ్చింది. అంచు ఇంకా కుట్టలేదు, కచ్చాకుట్టు మీదే ఉంది. అది ఆమె పద్ధతి. మనిషి ఒంటి మీద నిలబెట్టి, నేల చూసుకుని, చెప్పు చూసుకుని అప్పుడే అంచు కుడుతుంది, ఎంత గొప్పవాళ్లొచ్చి తొందరపెట్టినా ముందు కుట్టి ఇవ్వదు. పావడా బయటికి తీసింది, ఒళ్లో పరుచుకుంది, చూస్తూ ఉండగానే గుర్తొచ్చింది. చదును చెప్పులు. నెల కిందట కొలతలు చూసుకున్నప్పుడు మేనకోడలు మూడంగుళాల మడమల మీద నిలబడింది. కచ్చాకుట్టు ఆ లెక్కకే వేసింది. ఇసక, చదును చెప్పులు అని ఈమెకి ఎవరు చెప్పారు, చెప్పడానికి ఈమెకి ఆ కాగితం పంపితే కదా. ఇదిలాగే తొడుక్కుంటే రెండో అడుగుకే అంచు తొక్కుకుని పదిమందిలో బోర్లా పడుతుంది పిల్ల. జాబితాలు రాసేవాళ్లకి ఇవి తెలుస్తాయా.

సూది ఉంది. ఎప్పుడూ ఉంటుంది, ఎడమ భుజం మీద, జాకెట్టు కుట్టు పక్కన, దారం ఎక్కించి చుట్టి గుచ్చి పెట్టిన సూది, పడుకునేటప్పుడు తప్ప తీయదు, దాని ఉనికి ఆమెకే గుర్తుండదు, మీసాలాయనకి ఏం తెలుస్తుంది. తీసింది. పాత కచ్చాకుట్టు దారాన్ని పంటితో కొరికి లాగింది, సరసరా వచ్చేసింది. టేపు లేకపోతే వేలి కణుపులున్నాయి, చూపుడువేలి మధ్య కణుపు అంగుళానికి పిసరు తక్కువ, మూడు కణుపులు, ఇంకో పిసరు, ఇసకలో నడవాలి కాబట్టి మరో రెండు వేళ్లు. చుట్టుకొలత మూడున్నర గజాలు. కుట్టేయొచ్చు. వేలి తొడుగు కూడా లోపల పెట్టెలోనే ఉండిపోయింది, పోనీ, వేలికి ఏమవుతుంది. ఒంటి మీద పెట్టి కుట్టే వీలు లేదు కానీ ఆ ఒంటిని తను ఎరగని రోజుందా. ఎడమకాలి మీద బరువేసి నిలబడుతుంది, ఆరేళ్లప్పుడు మెట్ల మీంచి పడ్డ దగ్గర్నుంచీ అంతే, నడుం ఎడమవైపు లేస్తుంది, అటువైపు అర అంగుళం వదులుగా వదలకపోతే అంచు ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. బొంగరం అని పేరు పెట్టింది తనే. కొలతలకి బల్లెక్కించి నెమ్మదిగా తిరగవే అంటే గిర్రున తిరిగేది, గౌను గొడుగులా లేచేది, గుండుసూదులు చెల్లాచెదురయ్యేవి, అత్తా ఇంకొక్కసారి అనేది. మిషనత్త అని తనకి పేరు పెట్టింది ఆ పిల్లే. ఇంట్లో పిల్లలందరికీ అదే పేరైపోయింది, తర్వాత పెద్దవాళ్లకీ అయిపోయింది. మొన్న ఆ జాబితా రాసినవాళ్లకి అసలు పేరేమిటో ఎవరైనా చెప్పారో, మిషను అనే రాయించారో, కౌంటరు దగ్గర కనుక్కోవాల్సింది.

ఎవరూ జాలి పడనక్కర్లేదు. ఆమె ఎవరి కోసమూ త్యాగాలు చేయలేదు. చదువు మానేసి కుట్టు నేర్చుకుంది, కుట్టంటే ఇష్టం కాబట్టి. పెళ్లి చేసుకోలేదు, కుదరక కాదు, కుదిరినవి రెండూ ఆమెకి కుదరలేదు. వీధిలోకి తలుపున్న ముందు గదిలో రెండు మిషన్లు, గోడ పొడుగునా అద్దం, అద్దం ముందు నిలబడి ఆడవాళ్లు పొట్ట లోపలికి పీల్చుకుంటారు, పీల్చకండి, భోజనం చేశాక ఎలా ఉంటారో అలా నిలబడండి అంటుంది, నవ్వుతారు, వదులు చేసుకుంటారు. మంచి బతుకే. పిలవకపోయినా పనికి వెళ్లిపోయే బతుకు మాత్రం ఎప్పుడు అలవాటైందో తెలియలేదు. అన్నయ్య పెళ్లికి వెళ్లింది కత్తెర పట్టుకునే. బాబాయి కూతుళ్ల పెళ్లిళ్లకీ అంతే, గది ఒకటి ఇచ్చేవాళ్లు, ఇస్త్రీపెట్టె ఉన్న గది, బొత్తాం ఊడినవాళ్లు, హుక్కు తెగినవాళ్లు, తిన్నది ఎక్కువై కుట్టు పిగిలినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపు తోసుకుని వచ్చేవాళ్లు, బయట ఎవరో పాడుతున్నట్టు, నవ్వుతున్నట్టు గోడలోంచి వినిపించేది. అన్నయ్య పెళ్లి ఆల్బం మొన్న ఒకరోజు తిరగేస్తే తను ఒక్క ఫొటోలో కనిపించింది. కనిపించిందంటే మనిషి కాదు, చెయ్యి. వదిన భుజం మీద పిన్ను పెడుతున్న చెయ్యి, మోచేతి దాకా. అప్పుడు నవ్వొచ్చింది, వదినకి చూపించింది, వదినా నవ్వింది. ఇవాళ నవ్వు రావడం లేదు.

ఫోను మోగింది. బల్ల మీది ఫోనే. దుబాసీ అమ్మాయి, మీ బంధువులు లైన్లో ఉన్నారమ్మా, నేనూ వింటూ ఉంటాను, అధికారికి చెప్పాలి కదా అంది. మొదట్లో మేడమ్ అన్న మనిషి ఎప్పుడు అమ్మా దగ్గరికొచ్చిందో. అధికారి తలుపు తోసుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమే, ఏం చేశావు నువ్వు? అందరూ బయటికొచ్చేశారు, బస్సు వెళ్లిపోయింది, నేనూ మీ వదినా నిలబడ్డామిక్కడ. ఆ ఒక్క మాట అనేసి వచ్చేయకూడదూ?"

"ఏ మాటన్నయ్యా?"

"అతిథినని."

"నేను అతిథినా?"

అటువైపు అన్నయ్య నీళ్లు నమిలాడు. ఆయన నీళ్లు నమలడం ఆమెకి చిన్నప్పట్నుంచీ తెలుసు, ముందు గొంతు సవరించుకుంటాడు, తర్వాత వేరేవాళ్ల పేరు ఎత్తుతాడు. "జాబితా సంగతేగా. అది ఆ పెళ్లి ఏర్పాట్ల కంపెనీవాళ్ల పొరపాటు. పేర్లు ఇచ్చేటప్పుడు మీ వదిన నీ పేరు పక్కన కుట్టుపని అని రాసిందట, వాళ్లు తీసుకెళ్లి అటు పడేశారు."

"ఆడపడుచు అని రాయడానికి చోటు సరిపోలేదా?"

"ఇప్పుడా పంచాయితీ?"

"ఇప్పుడే. గంటే ఇచ్చారు."

దుబాసీ అమ్మాయి ఇదంతా అధికారికి ఆయన భాషలోకి మార్చి చెప్తోంది, ఆడపడుచు దగ్గర కాసేపు ఆగింది, ఆ భాషలో దానికి మాట ఉందో లేదో, నాలుగైదు మాటలు పెట్టి ఏదో వివరించింది. అధికారి మీసం దువ్వుకున్నాడు. మార్పిస్తానులే, క్షణంలో మార్పిస్తాను, నీ పేరు అతిథుల్లో రాయించి ఆయనకి పంపిస్తాను, నువ్వు మాత్రం ఆ మాట అనెయ్, పంతాలకి పోకు అన్నాడు అన్నయ్య, పెట్టేశాడు. ఆమె సూది మళ్లీ చేతిలోకి తీసుకుంది. అధికారి ఆమె చేతులు చూశాడు, పావడా చూశాడు, ఏదో అన్నాడు. "అమ్మా, మీరేం చేస్తున్నారని అడుగుతున్నారు" అంది ఫోను. పని, అంది ఆమె, తలెత్తకుండా. ఆ అమ్మాయి దాన్ని ఎలా మార్చి చెప్పిందో తెలియదు కానీ ఆయన పోట్లాటకి రాలేదు, కుర్చీ వెనక్కి జరిపి మళ్లీ బయటికి వెళ్లిపోయాడు. ఆయనకీ ఒక చెల్లెలుందేమో. లేదా పన్నెండు గంటల డ్యూటీలో ఇలాంటివి ఎన్ని చూస్తాడో.

పదిన్నర దాటింది. సగం అంచు అయింది. వేలు రెండుచోట్ల గుచ్చుకుంది, నెత్తురు బట్టకి అంటకుండా నోట్లో పెట్టుకుంది, దానిమ్మ రంగులో కనిపించదులే అనుకోవడం చేతకాని కుట్టేవాళ్ల మాట. పంతాలకి పోకు. ఎవరు పోయారు పంతానికి. ఇది పంతమైతే పంతమే, ఈ వయసులో ఒక్కసారైనా పంతానికి పోకపోతే ఇంకెప్పుడు పోతుంది. వదిన మీద కూడా కోపం నిలవడం లేదు, వదిన చెడ్డది కాదు, నిరుడు తను జ్వరంతో పడుకుంటే నాలుగు రోజులు క్యారేజీ పంపింది. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, అదే కదా అసలు చిక్కు, చెడ్డవాళ్లయితే ఎప్పుడో తెంచుకుని పోయేది. నిన్ను వేరే పిలవాలా, నువ్వు ఇంటి మనిషివి అంటారు. ఎన్నిసార్లు విందో ఆ మాట. విన్నప్పుడల్లా పొంగిపోయింది. ఇంటి మనిషిని కాబట్టి పిలుపు అక్కర్లేదు, ఇంటి మనిషిని కాబట్టి ఆలస్యంగా తిన్నా ఏమీ అనుకోదు, ఇంటి మనిషిని కాబట్టి ముందు వరసలో కుర్చీ వేరేవాళ్లకి ఇవ్వొచ్చు. ఈసారి కూడా అంతే, అన్నయ్య ఫోను చేశాడు, పిల్లకి కొలతలు ఎప్పుడు తీసుకుంటావు అని అడిగాడు, టికెట్టు మేమే తీస్తున్నాం అన్నాడు, పెళ్లికి రా అనలేదు. ఆ అనకపోవడం అప్పుడు చెవికి తగల్లేదు. ఆ పక్క సీటావిడ ఇంటికి మాత్రం అన్నయ్యా వదినా కలిసి వెళ్లారట, సోఫాలో కూర్చుని, మీరు రాకపోతే ఊరుకోం అని మరీ పిలిచారట. విమానంలో ఆవిడే మురిసిపోతూ చెప్పింది.

అంచు చివరికొచ్చింది. ముడి వేసి, ఇంకో ముడి వేసి, దారం కొరికింది. ఇస్త్రీ లేదు, అరచేత్తో మడత మీద గట్టిగా రాసింది, లేచి నిలబడి తన నడుముకి పెట్టుకుని చూసింది, వంకలేదు. అంతలోనే అధికారి కాగితం పట్టుకుని వచ్చాడు. కొత్త జాబితా, అన్నయ్య అన్నంత పనీ చేశాడు. ఫోనులో అమ్మాయి గొంతులో కూడా ఉత్సాహం. "అమ్మా, అయిపోయింది. మీ పేరు అతిథుల్లో ఉంది. మీరు ఆ ఒక్క మాట చెప్పేస్తే ముద్ర వేసేస్తారు." తలుపు అద్దంలోంచి బయట వరస పల్చబడింది. చెప్పేయొచ్చు. నాలుక చివరే ఉంది. కానీ ఒళ్లో ఈ పావడా పెట్టుకుని చెప్తే ఎవరిని లోపలికి రానిచ్చినట్టు, తననా, దీన్నా. బట్టలు రాకపోతే పెళ్లి ఆగుతుందని కదా అన్నయ్య కంగారు, ఆ కంగారులో కదా పేరు ఇటునుంచి అటు దూకింది. ఇది చేతిలో ఉన్నంతసేపూ ఆమెకి ఆ సంగతి తేలదు. కవరులో మడిచి పెట్టింది, జిప్పు లాగింది, అధికారి ముందు పెట్టింది.

"అమ్మాయీ, ఆయనతో చెప్పు. ఇది బయట నిలబడ్డ మా అన్నయ్యకి ఇచ్చేయమను. అంచు కుట్టేశాను, ఇక ఎవరూ దాని మీద చెయ్యి వేయక్కర్లేదు. ఆ కత్తెరల పెట్టె మీ దగ్గరే ఉంచుకోమను, తిరుగు ప్రయాణంలో ఇస్తే చాలు, ఇవాళైనా సరే, నాలుగు రోజుల తర్వాతైనా సరే."

"మరి మీరు, అమ్మా?"

"పని అయిపోయింది. నాకు ఇంకా పిలుపు రాలేదు."

ఫోనులో అమ్మాయి మెల్లగా ఆయన భాషలో చెప్పుకొచ్చింది, ఈసారి అడిగినదానికంటే ఎక్కువే చెప్పినట్టుంది, ఎందుకంటే అధికారి మధ్యలో ఆమె వంక రెండుసార్లు చూశాడు. యూనిఫాంలో ఉన్న ఒకమ్మాయిని పిలిచి కవరు చేతికిచ్చి పంపాడు. ఆ అమ్మాయి వెళ్తుంటే తలుపు అద్దంలోంచి తెల్ల కవరు దూరంగా పోవడం కనిపించింది, వరసలు దాటి, గాజు తలుపులు దాటి, పోయింది.

ఇప్పుడు ఒళ్లు ఖాళీ. ఇంత తేలిగ్గా కూర్చోవడం తనకి అలవాటు లేదని అప్పుడు తెలిసింది. చేతులు ఏం చేయాలో తెలియక ఒకదాన్ని ఒకటి పట్టుకున్నాయి. భయమేసింది, దాచుకోవడం ఎందుకు, బాగా భయమేసింది. కవరు అందాక అన్నయ్య కారెక్కి వెళ్లిపోతే. వెళ్లడులే. వెళ్తే. ముహూర్తం సాయంత్రం, బట్టలు చేరాయి, ఆవిడ పంతం ఆవిడదే, మనం ఏం చేస్తాం అని వదిన అంటే. పదీ నలభైఆరు. వెనక్కి వెళ్తే దుకాణం తలుపు తీయాలి, ఎదురింటివాళ్లు అడుగుతారు, అప్పుడే వచ్చేశారేం, పెళ్లి బాగా జరిగిందా. బాగా జరిగిందంటుంది. అంతకంటే నామర్దా ఏముంది. అయినా సరే వెళ్తుంది, విమానంలో కిటికీ పక్క సీటు అడిగి మరీ వెళ్తుంది, కానీ ఇంకోసారి మాత్రం ఇస్త్రీపెట్టె గదిలో కూర్చుని గోడలోంచి పెళ్లి వినదు. బొంగరం అడిగితే. బొంగరం అడిగితే ఏం చెప్తుందో తెలియలేదు, అక్కడికొచ్చేసరికి ఆమె ధైర్యం జారిపోయింది, కళ్లు తుడుచుకుంది, నల్ల జాకెట్టుకి ముక్కు కూడా తుడుచుకుంది. పదీ యాభైరెండు. అధికారి కాగితాలు సర్దుకుంటున్నాడు. అద్దం అవతల విమానం కంపెనీవాళ్లు ఒకరు వచ్చి నిలబడి తలుపు వైపు చూస్తున్నారు, ఎక్కించాల్సిన మనిషిని తీసుకెళ్లడానికే కాబోలు.

ఫోను మోగింది.

"అందింది" అన్నాడు అన్నయ్య. గొంతు సవరించుకోలేదు. ఆయాసపడుతున్నట్టుంది. "నువ్వేదీ?"

"ఇక్కడే."

"పిచ్చిదానా, నిన్ను వేరే పిలవాలా? ఇంటి మనిషివి కదే."

"అదే వద్దన్నయ్యా. ఆ మాట ముప్ఫై ఏళ్లు విన్నాను. మీ ఆఫీసావిడ ఇంటికి వెళ్లి కూర్చుని పిలిచావుట. నా దుకాణంలో కుర్చీల్లేవా? ఆరు నెలలయింది ఈ పెళ్లి కుదిరి, నాతో కొలతలు మాట్లాడావు, రంగు మాట్లాడావు, రా అని ఒక్కసారి అనలేదు. నేను మీ కాగితంలో పేరు మార్పించడానికి కూర్చోలేదిక్కడ. పిలిస్తే వస్తాను, పిలవకపోతే వెళ్తాను. నావి నల్లబట్టలే, మీవాళ్లు వేసుకోమన్నవే, ఇంకేమీ తెచ్చుకోలేదు. వస్తే ఇవే వేసుకుని ముందు వరసలో కూర్చుంటాను, కూర్చున్నదాన్ని పెళ్లయ్యేదాకా లేవను. ఎవరి బొత్తాం ఊడినా లేవను. అది వదినకి ఇష్టమేనేమో కనుక్కుని పిలువు."

దుబాసీ అమ్మాయి వెనకపడిపోయింది, గబగబా చెప్తోంది. అటువైపు వదిన కూడా ఉన్నట్టుంది, ఏదో అంది, అన్నయ్య ఉండు అన్నాడు. నిన్ను కనుక్కోనక్కర్లేదు, నేను పిలుస్తున్నా కదా అన్నాడు, ఆమెతో కాదు, వదినతో. ఆయన వదినతో అలాంటి మాట అనడం ఈమె వినడం ఇదే మొదటిసారి. తర్వాత ఫోనులోంచి సామాన్ల బండి చక్రాల చప్పుడు మాత్రం వచ్చింది. లైను తెగిందేమో అనుకుంది. గడియారం వైపు చూడకూడదని నేల వైపు చూసింది.

"చెల్లీ" అన్నాడు అన్నయ్య. ఎవరో పక్కన నిలబడి వింటున్నట్టు, చదువుకున్న మాటలేవో అప్పజెప్తున్నట్టు, ఆగి ఆగి. "ఇవాళ సాయంత్రం అయిదింటికి మా అమ్మాయి పెళ్లి. మీ ఇంటికొచ్చి పిలవాల్సింది. రాలేదు. తప్పు నాది, మీ వదినది కాదు, నేనే అనుకోలేదు. ఇప్పుడు పిలుస్తున్నాను. నువ్వు రావాలి. ఏ పనీ చేయడానికి కాదు. వచ్చి కూర్చోవడానికి. నువ్వు లేకపోతే..." అక్కడ ఆగి, మళ్లీ మొదటికొచ్చి, "నువ్వు రావాలి" అన్నాడు.

ఫోనులో అమ్మాయి అదంతా ఒక్కొక్క ముక్కే, తొందర లేకుండా, అధికారికి ఆయన భాషలో చెప్పింది. చెప్పడం అయ్యాక ఆయన కలం తీసి జాబితా పక్కనున్న ఖాళీ గడి మీద పెట్టి, రాయకుండా, ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి భాష రాకపోయినా పిలుపు తెలిసినట్టుంది, జవాబు రావాలని కూడా తెలిసినట్టుంది. ఆమె తొందరపడలేదు. పైట సర్దుకుంది, వదులు చేసిన చెప్పుల పట్టీలు వంగి బిగించుకుంది, నిటారుగా కూర్చుంది.

"వస్తానన్నయ్యా" అంది.